కరెంటు పోయినప్పుడు చెప్పే మాట

చెవులకు పది రోజుల్లో అలవాటైపోయే చప్పుడు ఒంటికి మాత్రం ఏం చేస్తుందని శ్రీహరి తన గురువును అడిగాడు. అడగటానికి కారణం ఉంది. ఇంటి ముందుగదిలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, బిగించాలని అతని పట్టుదల. నెలల పాపతో ఆ చప్పుట్లో ఉండలేనని భార్య మొండికేసింది. గురువుగారు సరే అంటే ఆమె ఇక నోరెత్తదని శిష్యుడి ఎత్తు.

గురువు పేరు నాంపల్లి. అడిగినదానికి వెంటనే జవాబిచ్చే మనిషి కాదు. చెప్పులు వేసుకుని వెంట రమ్మన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు వీధులు దాటించి రాజమల్లు ఇంటికి తీసుకుపోయాడు.

రాజమల్లు ఇంట్లో సాంచాలు ముప్పై ఏళ్లుగా నడుస్తున్నాయి. ముందుగదిలో అవి, వెనకగదిలో వంటా పడకా. రాత్రి పాళీకి కూలిమనిషి వస్తాడు గనక అవి ఆగేవే కావు. అరిచినా వినపడని ఆ చప్పుట్లో రాజమల్లు, కనకవ్వ చేతులతోనే కాపురం చేశారు. వేళ్లు నోటి దగ్గర పెడితే అన్నానికి రమ్మని. చేతులతో చెప్పలేనిదేదైనా ఉంటే బల్బు వైపు వేలు చూపేవాళ్లు, కరెంటు పోయినప్పుడు చెబుతానని. రోజూ రెండు గంటలు కోత ఉండేది, మాటలన్నీ అప్పుడే. మనలో చాలామంది అంతకన్నా తక్కువ మాటలతోనే సంసారాలు నెట్టుకొస్తున్నాం కాబట్టి వాళ్లను ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు.

గురువును చూసి రాజమల్లు సాంచాలు ఆపాడు. ఆపాక కూడా పక్క వీధికి వినపడేలా మాట్లాడాడు. తాను అరుస్తున్నట్టు అతనికి తెలియదు. కనకవ్వ ఎలా పోయిందో శ్రీహరికి చెప్పమని గురువు అడిగాడు. భార్య పోయి నెలైనా కాని మనిషిని అలా అడగటం నాకు కఠినంగానే తోస్తుంది.

రాజమల్లు చెప్పాడు. ఈ ఎండాకాలం కోతలు ఎత్తేశారు. వాడంతా సంబరపడింది, తానూ సంబరపడ్డాడు. ఒకనాడు కనకవ్వ గుండె మీద చెయ్యి పెట్టి చూపించి, ఆ వెంటనే బల్బు వైపు వేలు చూపింది. సరేనని తలూపాడు. మర్నాడూ అంతే. తొమ్మిది రోజులు ఆమె బల్బు చూపుతూనే ఉంది, కరెంటు మాత్రం పోలేదు. పదోనాడు వెనకగదిలో పడిపోయింది. పడిన చప్పుడు తనకు వినపడలేదు. అన్నానికి ఎంతకీ పిలవకపోతే లేచి వెళ్లి చూశాడు, అప్పటికే ఒళ్లు చల్లబడింది. ఏళ్ల తరబడి బీపీ ఉండి ఉంటుందని, కంటి నిండా నిద్ర పోనివ్వని చప్పుడు గుండెను లోలోపలే పాడు చేస్తుందని ఆస్పత్రిలో డాక్టరు అన్నాడట. అన్నేళ్లూ ఆమె తలపోటుకి నుదుటికి గుడ్డ కట్టుకుని పని చేసుకునేది.

శ్రీహరి ఆపుకోలేకపోయాడు. “ఒక్క నిమిషం సాంచ బంద్ చేసి అడగకపోతివా, పెద్దనాయినా?”

“రేపు కరెంటు పోతది గదా అనుకున్న,” అన్నాడు రాజమల్లు. “రోజూ గట్లనే అనుకున్న.”

సాంచాలు ఆగిన ఆ నిశ్శబ్దం రాజమల్లుకు మింగుడుపడలేదు. లేచి సాంచాలన్నీ మళ్లీ వేశాడు.

గురుశిష్యులు వీధి చివరికి వచ్చారు. ఓడిపోవటం ఇష్టంలేని శిష్యుడిలా శ్రీహరి, ముప్పై ఏళ్లలో వాళ్లకు ఆ చప్పుడు అలవాటు కాలేదా అని అడిగాడు.

గురువు నడక ఆపలేదు.

“ఎందుకు కాలేదు బిడ్డా,” అన్నాడు. “ఇద్దరూ మంచిగ అలవాటు పడ్డరు.”