సుందరంగారి జాజ్ సెట్టు

బ్రహ్మలింగం బాగుచేసిన డ్రమ్ములు చూడ్డానికి పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా అవి మోగకపోవడమే.

అంటే బొత్తిగా మోగవని కాదు. కొడితే చప్పుడు వస్తోంది. గొంతు పట్టేసినవాడు మాట్లాడితే వచ్చినట్టు వస్తోంది. పెద్ద డ్రమ్ముని కాలితో తంతే గోనెబస్తా కిందపడ్డట్టుంది. చిన్నవాటిని పుల్లతో కొడితే బల్లమీద కొట్టినట్టే ఉంది. బల్లమీద కొట్టుకునేందుకైతే జాజ్ సెట్టు దేనికి, బల్ల చాలుగా.

ఆదివారం దగ్గరపడుతోంది. లింగానికి అన్నం సహించడం లేదు.

కాకినాడ జగన్నాథపురంలో మీరావలి సాయిబుగారిది వాద్యాలు బాగుచేసే కొట్టు. తబలా గానీ మృదంగం గానీ హార్మోనియం గానీ, ఏది మూగబోయినా ఆ గుమ్మంలోకే వచ్చేది. మీరావలిగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వాద్యాలు మాట్లాడుతుంటే మధ్యలో నేనెందుకన్నట్టు ఉండేవారు.

ఆయన శిష్యుడు బ్రహ్మలింగం వడ్రంగుల ఇంటివాడు. తండ్రి తలుపులూ కిటికీలూ చేస్తూనే పనసమానుతో మృదంగం కట్టెలు తొలిచేవాడు. ఆ కట్టెలు ఇవ్వడానికి కొట్టుకి వస్తూ పోతూ, ఒకసారి పోవడం మానేసి అక్కడే ఉండిపోయాడు లింగం. చేతిలో మంచి పనితనం ఉంది. లేదని ఎవరూ అనరు. లింగం అసలే అనడు.

అతని నోట్లోంచి రానిది ఒక్కటే, "తెలీదు" అన్న మాట. అది అతని తప్పు కూడా కాదు. తండ్రి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఏదైనా అడిగితే ముందు మొట్టికాయ పడేది, తర్వాత జవాబు వచ్చేది. కొన్నిసార్లు జవాబు వచ్చేదే కాదు. దాంతో అడగడం మానేసి కళ్ళతో నేర్చుకోవడం మొదలుపెట్టాడు. చాలా నేర్చుకున్నాడు. కళ్ళకి దొరకనిది కూడా ఒకటుంటుందని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ జాజ్ సెట్టు సుందరంగారిది. ఆయన ఒకప్పుడు ఊళ్ళో పేరున్న ఆర్కెస్ట్రాలో డ్రమ్మరు. పెళ్ళిపందిట్లో ఆయన పుల్లలు తీశారంటే భోజనాల దగ్గరున్నవాళ్ళు చేతులు కడుక్కోకుండా వచ్చి నిలబడేవారట. ఆ ఆర్కెస్ట్రా ఎప్పుడో విడిపోయింది. సెట్టు అటకెక్కింది. మిగిలిన నలుగురూ ఇప్పుడు, ఆదివారం సాయంత్రం సుందరంగారి డాబామీద కలిసి ఒక్కసారి వాయించుకుందామనుకున్నారు. గిటారాయనకి చూపు తగ్గుతోంది. పాడే ఆవిడకి ఆయాసం. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకునే వయసులు కావు.

సెట్టు కొట్లోకి వచ్చినప్పుడు దాన్ని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. బోల్టులు తుప్పుపట్టాయి. చెక్కకి చుట్టిన పైషీటు పొలుసులు లేచింది. లోపల ఎలుకలు కాపురం చేసి ఖాళీ చేశాయి.

"ఇది మొత్తం నాకొదిలేయండి గురువుగారండీ. మీరు చెయ్యి పెట్టక్కర్లేదు," అన్నాడు లింగం.

మీరావలిగారు అతని మొహంలోకి ఒకసారి చూశారు.

"నువ్వు అడిగేదాకా పెట్టను," అన్నారు.

లింగం ప్రాణం పెట్టి చేశాడు. బోల్టులన్నీ కిరసనాయిల్లో నానబెట్టి తోమాడు. పాత షీటు ఒలిచేసి, చెక్కని గరుకు కాగితంతో రుద్ది నున్నగా తెచ్చాడు. అప్పుడు కనిపించాయి ఆ కన్నాలు. ఒక్కో డ్రమ్ముకి పక్కగా ఒక్కోటి, బూటుకి లేసు దూర్చే కన్నంలాంటిది, చుట్టూ ఇత్తడి రింగు.

అతని ఒళ్ళు మండింది. మృదంగం కట్టెకి ఇలాంటి కన్నం కనబడితే వాళ్ళ నాన్న దాన్ని తిన్నగా పొయ్యిలోకి పంపేవాడు. ఎవడో బుద్ధిలేనివాడు ఏదో తగిలించుకోవడానికి బంగారంలాంటి చెక్కకి కన్నాలు పెట్టాడనుకున్నాడు లింగం. రింగులు పీకి చెత్తబుట్టలో పారేశాడు. రంపంపొట్టులో జిగురు కలిపి కన్నాల్లో కూరాడు. ఆరాక రుద్ది రుద్ది, వేలితో తడిమినా జాడ తెలియకుండా చేశాడు. దానిమీద ఎర్ర తళుకుల షీటు చుట్టాడు. ఆ షీటుకి అతుకెక్కడుందో చుట్టినవాడికే తెలియాలి.

ఆ పూట తనని తానే మెచ్చుకుని ఇంకో టీ తాగాడు కూడా.

తర్వాత డ్రమ్ము మూతులకి రెండువైపులా కొత్త స్కిన్లు బిగించి, పుల్ల తీసుకుని కొట్టాడు. అప్పుడు మొదలైంది అసలు బాధ.

స్కిన్లు మంచివి కావేమోనని వేరేవి తెప్పించాడు. అవీ అంతే. బిగించి చూశాడు, వదులు చేసి చూశాడు. బోల్టులన్నీ విప్పి మళ్ళీ పెట్టాడు. గాలిలో తేమ ఎక్కువుందేమోనని ఎండలో పెట్టాడు. చేసేకొద్దీ పని పెరిగింది, శబ్దం మాత్రం రాలేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

మీరావలిగారు అటుగా వెళుతూ ఆగేవారు.

"ఏవైనా కావాలా లింగం?"

"అబ్బే, ఏం లేదండి. రేపటికి దార్లో పడుతుందండి."

ఆయన తలూపి వెళ్ళిపోయేవారు. మళ్ళీ మర్నాడు అదే ప్రశ్న, అదే జవాబు. ఆ రేపు ఎంతకీ వచ్చేది కాదు.

శుక్రవారం పొద్దున సుందరంగారు చూసుకోవడానికి వచ్చారు. సెట్టుని చూడగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎర్ర తళుకుల మీద అరచేత్తో రాశారు, ఎదిగిన పిల్లాడి వీపు నిమిరినట్టు. లింగం పుల్లలు అందించాడు. ఆయన చిన్న డ్రమ్ము మీద ఒక్క దెబ్బ కొట్టారు.

రెండో దెబ్బ కొట్టలేదు.

"చాలా అందంగా చేశావు బాబూ," అన్నారు. పుల్లలు జాగ్రత్తగా డ్రమ్ము మీద పెట్టారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మీరావలిగారితో మెల్లిగా అన్నారు. "పాతదైపోయింది కదండీ సాయిబుగారూ. మనలాగే. దానిదేం తప్పుంది."

లింగం ఆ మాట విన్నాడు. ఆయన నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది. తప్పు తనదైతే, ఆ ముసలాయన దాన్ని వయసు మీద వేసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాకా లింగం ఏ పనీ ముట్టుకోలేదు. తర్వాత లేచి తన ఉలులూ చిత్రికా సంచిలో సర్దుకున్నాడు. తలుపులు చేసుకుంటే బతకలేకనా, తలుపులు మోగక్కర్లేదు అనుకున్నాడు. సంచి భుజాన వేసుకుని గురువుగారి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

మీరావలిగారు తబలా ఒళ్ళో పెట్టుకుని చిన్న సుత్తితో అంచు సరిచేస్తున్నారు.

"గురువుగారండీ."

"చెప్పు."

లింగం సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు తెలీట్లేదండి. ఎక్కడ తప్పు చేశానో తెలీట్లేదు. నాకు తెలిసినవన్నీ చేసేశాను. ఈ పని నావల్ల కాదండి, ఊరెళ్ళిపోతాను. సెట్టు సంగతి మీరే చూడండి."

మీరావలిగారు సుత్తి కింద పెట్టారు.

"హమ్మయ్య," అన్నారు.

లింగం తెల్లబోయాడు. ఆయన మొహంలో కోపం లేదు. కాలికి గుచ్చుకున్న ముల్లు వచ్చేసినప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"వెళుదువుగాని. వెళ్ళేముందు ఈ ఆముదం సీసాలో పోసిచ్చి వెళ్ళు. మృదంగం తోలువార్లకి పట్టించాలి."

ఆయన అల్మరాలోంచి మూత తియ్యని రేకుడబ్బా తీశారు. ఒక మూల మేకు పెట్టి సుత్తితో కొట్టి చిల్లు చేశారు. డబ్బా లింగానికిచ్చి, మేకూ సుత్తీ పక్కనే వదిలేసి, మళ్ళీ తబలా అందుకున్నారు.

లింగం సంచి దించి డబ్బా వంచాడు. ఆముదం రాలేదు. ఇంకా వంచితే ఒక చుక్క ఉబ్బి, ఆగి, డబ్బా గుడగుడమంటే చిందిపడింది. అసలే చిరాకులో ఉన్నాడేమో, అతను డబ్బా నిలబెట్టి మేకు తీసుకుని, రెండో మూల ఇంకో చిల్లు పొడిచాడు. ఆలోచించి చేసిన పని కాదు. వంటింట్లో ఎవరైనా చేసేదే. మళ్ళీ వంచాడు. ఆముదం సన్నటి ధారగా, చప్పుడు లేకుండా సీసాలోకి దిగింది.

సగం సీసా నిండేసరికి లింగం చెయ్యి ఆగింది.

బొటనవేలు పెట్టి రెండో చిల్లు మూశాడు. ధార తెగింది. వేలు తీశాడు. ధార వచ్చింది. మళ్ళీ మూశాడు. మళ్ళీ తీశాడు. తర్వాత తలతిప్పి, గోడవారగా మెరుస్తూ కూర్చున్న ఎర్ర డ్రమ్ముల వైపు చూశాడు.

"కన్నాలు," అన్నాడు.

మీరావలిగారు తబలా పక్కన పెట్టారు. జేబులోంచి కిళ్ళీ డబ్బా తీసి, దానిలోంచి ఇత్తడి రింగులు నాలుగూ బల్లమీద పెట్టారు.

"ఇవి నేను పారేశాను కదండీ."

"నేను ఏరాను."

"అంటే మీకు ఆ రోజే తెలుసా అండీ?"

"ఆ రోజే."

"మరి చెప్పలేదేమండీ?"

"అడిగేదాకా చెయ్యి పెట్టనని మాటిచ్చాను. నువ్వు తిండి మానేశావు. నేను మాట తప్పలేక నిద్ర మానేశాను." ఆయన కన్నాలు వేసే బరమా తీసి లింగం చేతికిచ్చారు. "తొలువు."

పూడ్చిన కన్నాలు ఎక్కడున్నాయో వెతికితే దొరకలేదు. అంత బాగా పూడ్చాడు మహానుభావుడు. కొత్తవి పెట్టక తప్పలేదు. తన చేత్తో చుట్టిన ఆ తళుకుల షీటు మీద బరమా మొన ఆనించి లింగం ఆగాడు. ఒకసారి గురువుగారి వైపు చూశాడు. ఆయన తబలా చూసుకుంటున్నారు. లింగం కళ్ళు సగం మూసుకుని తిప్పాడు. ఎర్ర పొడి, దాని వెనకాల చెక్క పొడి రాలాయి. కన్నం పడింది. దానికి ఇత్తడి రింగు బిగించి, పుల్ల తీసుకుని కొట్టాడు.

ఆ మోతకి వీధికవతల సోడాకొట్టతను తలెత్తి చూశాడు.

లింగం ఎడమ అరచెయ్యి కన్నం దగ్గర పెట్టి మళ్ళీ కొట్టాడు. అరచేతికి చల్లగా చిన్న గాలి తగిలింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తగిలింది. అతను నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళు తుడుచుకోవడం కూడా. ఇన్నాళ్ళూ గుండెలమీద ఎవరో కూర్చున్నట్టుండేది. ఆ బరువు దిగిపోయింది. సాయంత్రానికల్లా మిగతా మూడు డ్రమ్ములకీ రింగులు పడ్డాయి. అప్పుడు లింగానికి ఆకలి గుర్తొచ్చింది, వీధి చివర హోటలువాడు పిండి అయిపోయిందని చెప్పేదాకా అట్లు తిన్నాడు.

ఆదివారం డాబామీద సుందరంగారు చిన్న డ్రమ్ముని ఒక్క దెబ్బ కొట్టి, మొన్నటిలాగే ఆగారు. ఆయన డ్రమ్ముని చూశారు, లింగాన్ని చూశారు, వెనక్కి తిరిగి గిటారాయనతో, "ఒరేయ్, ఇది నాదేరా," అన్నారు. ఆ తర్వాత ఇంక ఆగలేదు. పాడే ఆవిడ తన ఆయాసం సంగతి మరిచిపోయి పాడింది.

మర్నాడు కొట్టు తీయగానే మిషన్ కాంపౌండు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. చేతిలో పాతబట్టలో చుట్టిన పెట్టెలాంటి వాద్యమేదో ఉంది. ఒళ్ళో పెట్టుకుని వాయించేదట. నిండా తీగలు, పైన అడ్డంగా మీటలు. సగం తీగలు తెగిపోయాయి.

"ఇది బాగవుతుందా అండీ?" అంది.

లింగం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మామూలుగా అయితే ఈపాటికి రెండ్రోజుల్లో ఇచ్చేస్తాననేవాడు. బల్లమీద పెట్టి, వెనక్కి తిరిగాడు.

"గురువుగారండీ, ఇదేంటో నాకు తెలీదండి."

టీచరమ్మకి గాభరా పుట్టి వాద్యం వెనక్కి తీసుకోబోయింది. మీరావలిగారు లేచి వచ్చారు. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, పెట్టె మీద చాలాసేపు వంగి చూశారు. ఒక తీగ మీటారు, ఒక మీట నొక్కారు, మళ్ళీ చూశారు.

"నాకూ తెలీదు లింగం," అన్నారు. "కాస్త జరుగు, చూద్దాం."