రాష్ట్రపతి చూపుడువేలు

ఈ దేశంలో వెయ్యేళ్ళు నిలిచే పని ఒక్కటే ఉందని, అది తన చేతి పనేనని శిల్పి ఓంకారం అడిగినవాళ్ళందరికీ చెప్పేవాడు. అడగనివాళ్ళకీ చెప్పేవాడు. చెప్పేటప్పుడు మాత్రం విగ్రహం చూపుడువేలి వైపు చూసేవాడు కాదు.

విగ్రహం కాలం చేసిన రాష్ట్రపతిగారిది. ఆయన జాతీయ స్మారకానికి పదకొండేళ్ళలో రెండుసార్లు శంకుస్థాపన జరిగింది, మూడు నమూనాలు మారాయి. ముందు ఆయన కుర్చీలో కూర్చోవాలన్నారు స్మారకం కమిటీవాళ్ళు. తర్వాత లేచి నిలబడాలన్నారు. చివరికి, నిలబడి చెయ్యి చాపి జాతికి దారి చూపాలన్నారు. అందుకు తెచ్చిన పన్నెండడుగుల నల్లరాయిని ఓంకారం గురువు కాళప్పాచారి నమ్మి శిష్యుడి చేతిలో పెట్టాడు.

ఆవిష్కరణ తొమ్మిది రోజులుందనగా గురువు పని చూడ్డానికొచ్చాడు. ఆకుపచ్చ పరదా కిందికి దూరి, చిన్న సుత్తితో రాయిని తడుతూ పోయాడు. మంచి రాయి గంటలా మోగుతుంది. పాదం మోగింది. మోకాలు మోగింది. నిచ్చెనెక్కి భుజం తట్టాడు, అదీ మోగింది. సుత్తి చూపుడువేలి మీద పడే క్షణానికి ఓంకారానికి ఎక్కడలేని దగ్గూ వచ్చింది.

"జలుబా?" అన్నాడు గురువు.

"రాతిదుమ్ము, గురువుగారూ."

జలుబూ కాదు, దుమ్మూ కాదు. నాలుగు నెలల కిందట, చలికాలంలో, ఆ వేలు విరిగింది. ఓంకారం లక్కా మైనం కరిగించి, రాతిపొడి కలిపి, ఎవరూ చూడకుండా అతికించాడు. ఎంత బాగా అతికించాడంటే అతుకెక్కడో ఇప్పుడు తనకే కనపడదు. బయటపడితే మాత్రం గురువు నలభయ్యేళ్ళ పేరు మట్టిలో కలుస్తుంది. ఆయన దగ్గర తన చోటూ పోతుంది.

"ఎన్నాళ్ళుంటుందిరా ఇది?"

"వెయ్యేళ్ళు!" ఓంకారం నాలుక అలవాటు కొద్దీ అనేసింది.

"అన్నాళ్ళు నేనుండొద్దూ? ఈ పూట చూస్తాలే. ఆ పరదా తీయించు."

"మే నెల ఎండ, గురువుగారూ!"

"ఆవిష్కరించాక రోజూ నువ్వు గొడుగు పడతావా?"

పరదా జారింది. గురువు షెడ్డు నీడలో పీట వేసుకుని, తాటిముంజలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. శిష్యుణ్ణి మాత్రం ఆ వేలికి ఎదురుగా, పదడుగుల అవతల నిలబడమన్నాడు.

"దారి ఎటు చూపిస్తున్నాడో చూస్తూ ఉండు."

పన్నెండైంది. ఒంటిగంటైంది. గురువు ముంజలు సగం అయిపోయాయి. ఓంకారం నోట్లో తడి మొత్తం అయిపోయింది.

రెండు దాటాక, ఆకాశం అంచుని చూపిస్తున్న వేలు దూరపు కొండని చూపించింది. కళ్ళు చెదిరాయేమో అనుకున్నాడు ఓంకారం. గట్టిగా మూసి తెరిచాడు. వేలు ప్రహరీగోడ మీదికి వచ్చింది. గోడ దిగి, సిమెంటు బస్తాల మీదుగా, తొందరేమీ లేకుండా వంగుతూ వచ్చి, సూటిగా అతని ముఖం మీద ఆగింది.

ఓంకారం కేక వేయబోయాడు. గురువు వింటాడని మింగేశాడు. పక్కకి జరగబోయాడు. గురువు చూస్తాడని ఆగాడు. జాతి మొత్తంలో రాష్ట్రపతిగారికి తనొక్కడే దొరికాడు.

అప్పుడు వేలు టప్పున ఊడి ఇసకలో పడింది.

గురువు చేతులు తుడుచుకుని వచ్చాడు. కాలుతున్న వేలిని తువ్వాలుతో ఎత్తి, వాసన చూశాడు.

"అతుకు బాగా పెట్టావు," అన్నాడు.

ఒక లెంపకాయ కొట్టినా ఓంకారం తట్టుకునేవాడు. ఆ మెచ్చుకోలు తట్టుకోలేక ఉన్నచోటే కూలబడ్డాడు.

గురువు బొగ్గుముక్కతో నిచ్చెనెక్కాడు. మిగిలిన మొండిని ఎంతవరకు చెక్కెయ్యాలో, పక్కవేళ్ళతో ఎలా కలిపి మడవాలో గీతలు గీశాడు. దారి చూపే చెయ్యి బొగ్గుగీతల్లో గుప్పిట అయింది. స్మారకానికి ఇది నాలుగో నమూనా.

"రాతికి కలపడం తెలీదురా. తీసెయ్యడమే తెలుసు," అంటూ దిగి, ఉలి తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టాడు. "ఎనిమిది రోజులు చాలు నీకు. ముందు కమిటీవాళ్ళ దగ్గరికి పోదాం పద. వేలు విరిగిందని నువ్వే చెప్పాలి. ఎలా విరిగిందంటే ఏం చెబుతావు? ఉలి జారిందా?"

"ఉలి కాదు, గురువుగారూ."

"సుత్తి తగిలిందా?"

"సుత్తీ కాదు."

"మరి?"

ఓంకారం ఇసక వైపు చూశాడు. ఎండలో నిలబడినప్పుడు కూడా అంత ఎర్రబడలేదు అతని ముఖం.

"చీమలు పడతాయని... రోజూ నా అన్నం క్యారియర్ ఆ వేలికే తగిలించేవాణ్ణి," అన్నాడు. "నాలుగు గిన్నెలది."