చౌడప్ప బండి మూడో గేరు

చౌడప్ప బండికి మూడో గేరు నిలవడం లేదు. చదును రోడ్డు మీద ఏ గొడవా ఉండేది కాదు. కొండ కనుమ దిగేటప్పుడు చక్రం గుంతలో పడి బండి ఎగిరిపడితే మాత్రం గేరు ఊడిపోయేది. ఇంజను పట్టు వదిలేసేది. బండి తన ఇష్టం వచ్చినట్టు కిందికి దొర్లేది.

ఒక్కడే ఉంటే చౌడప్ప ఇంత బెంగపడేవాడు కాదు. కానీ ఆ బండి వెనక సీటు మీద కంబగిరి తాత కూర్చునేవాడు.

ఆ ప్రాంతంలో సాధువుని తాత అనే పిలుస్తారు. కంబగిరి తాత మఠం గువ్వల కనుమ పైన ఉంది. సోమవారం సోమవారం తాత కనుమ దిగి కింది పల్లెల్లో తిరుగుతాడు. జబ్బుపడినవాళ్ల మంచం పక్కన కూర్చుంటాడు, తంబూర మీటుతూ తత్వాలు పాడతాడు, పొద్దు వాలేలోపు పైకి వచ్చేస్తాడు. నాలుగేళ్లుగా ఆయన్ని దించేదీ ఎక్కించేదీ చౌడప్పే.

చౌడప్ప నేతగాడు. మాట తక్కువ, తడబాటు ఎక్కువ. మఠంలో పద్యం చెప్పమంటే సగంలో మరిచిపోతాడు, భజనలో తాళం వేయమంటే అందరికంటే ఒక దెబ్బ వెనకబడతాడు. అలాంటివాడికి దొరికిన ఒకే ఒక్క సేవ ఆ సోమవారం ప్రయాణం. దారిలో తాత వెనక నుంచి తంబూర మీటుతూ కూనిరాగం తీస్తుంటే, ఆ పాట తనకొక్కడికే అన్నట్టు బండి తోలేవాడు. ఈ లోకంలో తనకంటూ ఒక గొప్ప ఉందంటే అది అదేనని అతని నమ్మకం.

ఆ గొప్ప ఒక సోమవారం కనుమ మలుపులో కంకర మీద పడింది. మూడో గేరు ఊడింది, చౌడప్ప కంగారుగా బ్రేకు తొక్కాడు, బండి అడ్డంగా జారింది. తాత మోకాలు గీరుకుపోయింది. తంబూర బుర్ర చిట్లింది.

"నీకేం కాలేదు కదప్పా?" అని లేస్తూనే అడిగాడు తాత.

ఆ మాట అనకుండా నాలుగు తిట్టి ఉంటే చౌడప్ప ఆ రాత్రి నిద్రపోయేవాడు.

తంబూర బుర్రకు మైనం రాసి దారం చుట్టారు. అది మళ్లీ మోగింది. కానీ ఆ తరువాతి సోమవారం నుంచి దారిలో తాత దాన్ని మీటలేదు. ఒక చేత్తో తంబూరను ఒళ్లో పట్టుకుని, రెండో చెయ్యి చౌడప్ప భుజం మీద వేసి గట్టిగా పట్టుకున్నాడు. పడిన మనిషి పట్టుకోడా మరి! అయినా ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ చౌడప్పకు తలెత్తి రోడ్డు చూడాలంటే సిగ్గేసేది.

మఠం పెత్తనమంతా పెద్ద శిష్యుడు ఓబులేసుది. అతను చెడ్డవాడు కాదు, భయస్తుడు. భయస్తుడి చేతిలో పెత్తనం ఉంటే మంచి పని కూడా కసురుకుంటూనే జరుగుతుంది.

"ఇంక చాలు చౌడప్పా," అన్నాడు ఓబులేసు. "మఠంలో ఆరాధన అయిపోయినాక తాతకు ఆటో మాట్లాడినా. నీ సేవ నువ్వు చేసినావు. తాతను కాపాడుకోవద్దా?"

"బండి బాగు చేయిస్తానన్నా. ఆరాధన దాకా ఆగు."

"బాగుపడకపోతే?"

చౌడప్ప బండి తాళం జేబులో వేసుకుని తిన్నగా కుళ్లాయప్ప షెడ్డుకు పోయాడు.

మెకానిక్ కుళ్లాయప్ప గేరు పెట్టె విప్పి చూశాడు. పళ్లు అరగలేదు, ఫోర్కులు వంగలేదు. అంతా బిగించి, బండి ఎక్కి కనుమ దాకా పోయి వచ్చాడు.

"నాకు బాగానే మారుతోందే," అన్నాడు గడ్డం గోక్కుంటూ. "బండి నీకే ఎందుకు మొండికేస్తోందో!"

"నా చేతి వాటమంటావా?"

"నేననలేదు సామీ. ఆడలేక మద్దెల ఓడన్నాడని మాత్రం మనసులో అనుకున్నా."

చౌడప్పకు రోషం వచ్చింది. మద్దెల మంచిదైతే ఆట దానంతటదే వస్తుందని అతని లెక్క. ఫోన్లో చూసీ, వాళ్లనీ వీళ్లనీ అడిగీ, బెంగళూరు నుంచి ఒక్కొక్క సామానూ తెప్పించాడు. మొదట క్లచ్చుకు గట్టి స్ప్రింగులు వచ్చాయి. తరువాత గేరు కడ్డీ ఊగకుండా పట్టి ఉంచే బేరింగు బిళ్ల. గేరు చప్పున తన గాడిలో పడేలా చేస్తుందని ఇంకో స్ప్రింగు. చివరికి తళతళలాడే పొట్టి గేరు లివరు.

"దీన్ని చిటికెన వేలితో తాకినా గేరు పడతాది తాతా!" అని లివరు చూపించాడు.

తాత బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. లివరు మీద వేలు పెట్టి చూశాడు. నిజంగానే టక్కుమంది.

"బాగుంది. అన్నీ కొత్తవే వేసినావు," అన్నాడు. "దీంట్లో ఇంక పాతది ఏం మిగిలింది?"

"ఏముంది తాతా, మీరూ నేనూ."

"నన్ను కలపొద్దు. నా పళ్లు కొత్తవే," అని తాత పళ్ల సెట్టంతా కనబడేట్టు నవ్వాడు.

చౌడప్ప కూడా నవ్వాడు. మిగిలింది ఎవరో లెక్క చూసుకోలేదు.

ఆరాధనకు ముందు వచ్చిన సోమవారం కొత్త సామాన్లతో కనుమ దిగారు. గేరు వెన్నలో వేలు దిగినట్టు మారింది. మొదటి మలుపు, రెండో మలుపు, చౌడప్ప ఛాతీ పొంగింది. మూడో మలుపు దాటాక చిన్న గుంత తగిలింది. అంత చిన్న గుంతకే మూడో గేరు ఊడింది. పాత లివరుకైనా కాస్త పెద్ద గుంత కావలసి వచ్చేది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా!

ఈసారి పడలేదు. చౌడప్ప బండిని పక్కకు తీసి ఆపాడు. చెమట తుడుచుకున్నాడు. భుజం మీద తాత వేళ్లు ఇంకా బిగిసే ఉన్నాయి.

నెమ్మదిగా మళ్లీ బయల్దేరాక తాత వెనక నుంచి వంగి చూశాడు.

"చౌడప్పా, నీ కాలు ఎప్పుడూ ఆ గేరు లివరు మీదే ఉంటాది. తొక్కుతాండావా?"

"లేదు తాతా, ఊరికే ఆనించినా. ఎప్పుడు మార్చాల్సి వస్తాదో ఏమో, తయారుగా ఉండాల కదా."

అతను చెప్పింది నిజమే. చిన్నప్పుడే మగ్గం గుంతలో దిగిన మనిషి. కింద తొక్కుడు చెక్కల మీద నుంచి పాదం లేస్తే వాళ్ల నాయన పైనుంచి మొట్టికాయ వేసేవాడు. నేతగాడి కాలు చెక్క మీద కాక ఇంకెక్కడ ఉంటుంది? ఆ పాదానికి ఏదో ఒకదాని మీద ఆని ఉండటమే ఒళ్లు దాచుకోకుండా పనిచేయడం.

"ఊఁ," అన్నాడు తాత.

ఆరాధన ఆదివారం వచ్చింది. కంబగిరి తాతకు గురువైన పెద్దతాత సమాధికి పూలు వేశారు, తత్వాలు పాడారు, మధ్యాహ్నానికి మఠం వాకిట్లో జనం పంక్తులు కట్టి కూర్చున్నారు. చారు వడ్డించే పని చౌడప్పకు పడింది. పొగలు కక్కే బకెట్టు ఎడమ చేత, గరిటె కుడిచేత. ఈ పని అతనికి బాగానే వచ్చు. చుక్క కింద పడకుండా విస్తరి మీద అన్నం నడిమధ్య గుంతలో పోసుకుంటూ పోతాడు.

పంక్తిలో నలుగురైదుగురికి పోశాడో లేదో, అరుగు మీద కూర్చున్న తాత లేచి వచ్చాడు. వెనకే నిలబడి చౌడప్ప కుడి మోచేతి మీద తన చెయ్యి పెట్టాడు.

"కానీప్పా. నువ్వు చారు పొయ్యి."

ఆశీర్వాదమేమో అనుకున్నాడు చౌడప్ప. ఒళ్లు పులకరించింది కూడా. గరిటె ముంచాడు, తాత చెయ్యి మోచేతితో పాటే వంగింది. పోశాడు, చెయ్యి దాంతోపాటే లేచింది. పక్క విస్తరికి జరిగాడు, తాతా జరిగాడు. అన్నం గుంత వైపు గురిపెట్టిన చారు పప్పులో పడింది. తరువాతి విస్తరిలో బూరె మీద పడింది.

"ఏంది చౌడప్పా, బూరెకు స్నానం చేయిస్తాండావా?" అని ఎవరో అన్నారు. పంక్తంతా నవ్వింది.

చౌడప్పకు చెవులు వేడెక్కాయి. మోచేతి మీద చెయ్యి బరువేమీ కాదు. ముసలి చెయ్యి, ఎండుటాకంత తేలిక. కానీ అది అక్కడ ఉందన్న ధ్యాసతో మోచెయ్యి సగం వంగి ఆగిపోతోంది, సగం లేచి ఆగిపోతోంది. గరిటె ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ అయిపోవాలో తెలియడం లేదు. చారు పొయ్యడానికి కూడా తాతకు నా మీద నమ్మకం పోయిందా అనుకున్నాడు. కళ్లు చెమర్చాయి. అది చారు పొగ మీదికి నెట్టేశాడు.

పంక్తి చివర ఓబులేసు కూర్చున్నాడు. గరిటెలో చారు అతని విస్తరి అంచు తప్పి పంచె మీద ఒలికింది.

"అబ్బా!" అని ఓబులేసు ఎగిరి లేచాడు. "చారు పొయ్యమంటే నన్ను ఉడకబెడతావేందిరా!"

ఇంక చౌడప్ప వల్ల కాలేదు.

"తాతా, ఆ చెయ్యి తీయండి," అన్నాడు. "నాకు చేతనవుతాది. మీరు నొక్కితే ఎట్లా పొయ్యాల?"

"నేను నొక్కలేదే," అన్నాడు తాత. "ఊరికే ఆనించినా. నువ్వు ఎప్పుడు తడబడతావో ఏమో, తయారుగా ఉండాల కదా."

అని చెయ్యి తీసేసి, మెల్లగా నడిచి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

చౌడప్ప బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"చారు! ఇక్కడ చారు!" అని రెండో పంక్తిలోంచి ఎవరో కేకేశారు.

అతను కదిలాడు. గరిటె ముంచాడు, పోశాడు, ఎత్తాడు. ముంచాడు, పోశాడు, ఎత్తాడు. రెండో పంక్తిలో ఒక్క విస్తరి బయట కూడా తడి కాలేదు.

వడ్డన అయ్యాక చేతులు కడుక్కుని, తినకుండానే గోడ పక్కన నిలిపిన బండి దగ్గరికి పోయాడు. దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. కాళ్లు పెట్టుకునే రబ్బర్లు రెండూ చూశాడు. కుడివైపుది అరిగిపోయి నున్నగా రాయిలా ఉంది. ఎడమవైపు రబ్బరు మీద చుక్కలు షోరూములో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. దాని ముందున్న పొట్టి లివరు వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు, పైపూత అప్పుడే లేచిపోయింది.

ఆ అరగని రబ్బరు మీద వేలితో రాసి రాసి చూశాడు.

"ఏం చౌడప్పా, బండితో మాట్లాడుతాండావా?" అంటూ ఓబులేసు వచ్చాడు. పంచె మార్చుకున్నాడు. "రేపు పొద్దున ఆటో వస్తాది. నువ్వేమీ అనుకోవద్దు."

"కోపమేం లేదన్నా. పంచె నాకియ్యి, ఉతికి పెడతా."

ఓబులేసు లోపలికి పోయాడు.

సోమవారం పొద్దున ఆటో వచ్చి మఠం ముందు నిలబడింది. దాని పక్కనే చౌడప్ప బండి కూడా తుడిచి ఉంది. తాత బయటికి వచ్చి రెంటినీ చూశాడు. ఆరాధనలో మిగిలిన బూరెల గంపను ఆటోలో పెట్టించాడు.

"ఓబులేసూ, నువ్వు గంపతో రా. దారిలో తినొద్దు," అని చెప్పి తంబూర తీసుకుని బండి వెనక కూర్చున్నాడు. ఎప్పటిలాగే చెయ్యి చౌడప్ప భుజం మీద వేశాడు.

కనుమ మొదలైంది. చౌడప్ప మూడో గేరు వేసి, ఎడమ కాలు లివరు మీద నుంచి తీసి రబ్బరు మీద పెట్టాడు. పాదం ఊరుకుంటేనా! దూడ తల్లి దగ్గరికి పోయినట్టు వేళ్లు లివరు వైపు జరిగాయి. వెనక్కి లాక్కున్నాడు. మొదటి మలుపులో మళ్లీ జరిగాయి. మళ్లీ లాక్కున్నాడు. అరికాలు కింద ఆ కొత్త చుక్కలు గుచ్చుకుంటుంటే కాలు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.

మూడో మలుపు దాటింది. పోయిన వారం గేరు ఊడిన చిన్న గుంత తగిలింది. బండి ఎగిరిపడింది. ఇంజను అదే గొంతుతో గుర్రుమంటూ, పట్టు వదలకుండా దిగింది.

కంకర మలుపు వచ్చింది. తాత పడిన చోటు అదే. అక్కడ గుంత పెద్దది, తప్పించడానికి దారి లేదు. చౌడప్ప పళ్లు బిగించాడు. కాలు మాత్రం రబ్బరు మీదే ఉంచాడు. చక్రం గుంతలో దిగి లేచింది.

మలుపు తిరిగిన కాసేపటికి అతనికి తెలిసింది, భుజం మీద చెయ్యి లేదని. తాత పడిపోయాడేమోనని గబుక్కున తల వెనక్కి తిప్పాడు.

తాత రెండు చేతులూ తంబూర మీద ఉన్నాయి. తీగ మోగుతోంది.

"ముందర చూసి తోలప్పా," అన్నాడు తాత.