చుక్కి కదల్లేదు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిలో ఒక పూరేడు పిట్ట తన ముగ్గురు పిల్లలతో కాపురం ఉండేది. ముందే చెబుతున్నాను, ఇది నవ్వుకునే కథ కాదు. ఏడుపొస్తే ఏడవండి, నేనేమీ అనను.

ముగ్గురిలో పెద్దది చుక్కి. రెండోది నూక, దానికి ఎప్పుడూ తిండి ధ్యాసే. చివరివాడు తుర్రు. వాడు ఒకచోట కుదురుగా నిలబడితే ఒట్టు.

పిల్లలకు ఇంకా ఎగరడం రాదు. మరి శత్రువు వస్తే ఎలా? పూరేళ్ల ఇళ్లలో ఒకటే ఉపాయం. తల్లి "అణగండి!" అనగానే పిల్లలు నేలకు అతుక్కుపోవాలి. కన్ను కూడా ఆర్పకూడదు. వాళ్ల ఈకలు ఎండుగడ్డి రంగు కదా! కదలకపోతే ఎవరికీ కనిపించరు. మళ్లీ తల్లి "లేవండి!" అన్నాకే లేవాలి.

ఒకరోజు పైన గద్ద తిరిగింది. "అణగండి!" అంది తల్లి. ముగ్గురూ అణిగారు. పక్కనే ఉన్న తొండ మాత్రం భయపడి పరుగు తీసింది. గద్ద రివ్వున దిగి తొండను తన్నుకుపోయింది.

"చూశారా? నిదానమే ప్రధానం," అంది తల్లి. ఆ మాట నిజమే, కాదనేవాళ్లెవరు?

ఇంకో రోజు ముంగిస వచ్చింది. పిల్లలు అణిగి ఉండగా గండుచీమలు పట్టాయి. తుర్రు ఓర్చుకోలేక ఎగిరి గంతేశాడు. ముంగిస గిరుక్కున తిరిగింది. తల్లి రెక్క విరిగినట్టు నటిస్తూ, కుంటుకుంటూ దాని ముందుకు పోయింది. దాన్ని ఆశపెట్టి, దూరంగా మళ్లించి, తిరిగొచ్చింది.

"ఒరేయ్, నీకు చిటికెడు ఓర్పు లేక అందరం పోయేవాళ్లంరా! అక్కను చూసి బుద్ధి తెచ్చుకో!" అని కేకలేసింది.

చుక్కి కాలికి చీమలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. నొప్పి భరించలేక కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా దాని ముఖం వెలిగిపోయింది. అమ్మ మెచ్చుకుంటే చుక్కికి లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

కాసేపటికి చుక్కి మెల్లగా అడిగింది. "అమ్మా, నువ్వు లేవమని చెప్పడానికి కుదరకపోతే ఏం చెయ్యాలి?"

"ఎందుకు కుదరదే? నేను చెప్పేదాకా ఆగు, అంతే. అతి తెలివి వద్దు," అని కసిరింది తల్లి.

పాపం, ఆ తల్లి అలసిపోయి ఉంది. ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది!

ఆ తర్వాత చుక్కి మళ్లీ ఏమీ అడగలేదు. శత్రువు లేనప్పుడు కూడా ఆగడమే దానికి అలవాటైంది. వాన వెలిసి ఉసిళ్లు లేస్తే నూక, తుర్రు ఎగబడి తినేవాళ్లు. చుక్కి మాత్రం అమ్మ "తిను" అనేదాకా నోరు తెరిచేది కాదు. దాహమేసినా అమ్మ ముఖం చూసేది. తల్లి మురిసిపోయి ఇరుగుపొరుగు పిట్టలతో, "మా పెద్దది బంగారమమ్మా, చెబితే గానీ కాలు కదపదు," అని చెప్పుకునేది.

ఒక మధ్యాహ్నం అడవిపిల్లి వచ్చింది. "అణగండి!" అంది తల్లి. ఎప్పట్లాగే కుంటుతూ దాన్ని దూరంగా తీసుకుపోయింది. ఈసారి పిల్లి పంజా తగలనే తగిలింది. నిజంగానే రెక్క విరిగింది. తల్లి ఎలాగో ముళ్లపొదలో దూరి ప్రాణం దక్కించుకుంది. పిల్లి వెళ్లిపోయింది. కానీ తల్లికి ఎగిరే శక్తి పోయింది.

అదే సమయానికి పైన కొండల్లో పెద్ద వాన పడింది. వాగు పొంగింది. ఎర్రటి నీళ్లు గడ్డిలోకి పాకాయి.

"అక్కా, కాళ్లు తడుస్తున్నాయే," అంది నూక.

"ష్! అమ్మ లేవమనలేదు," అంది చుక్కి.

నీళ్లు పొట్టల దాకా వచ్చాయి. తుర్రు లేచి నిలబడ్డాడు.

"పిల్లి ఎప్పుడో పోయింది. అదిగో గట్టు! రా అక్కా!"

"నువ్వెప్పుడూ ఇంతేరా. అమ్మ చెప్పిన మాట విననే వినవు."

"నీళ్లకు కళ్లుండవే అక్కా! దాక్కుంటే ఏం లాభం?"

చుక్కికి ఆ మాట నిజమనిపించింది. ఒక కాలు పైకెత్తింది. అంతలోనే భయమేసింది. అమ్మ వచ్చి చూస్తే ఏమంటుంది? నువ్వు కూడా మాట వినలేదా అంటుందేమో! ఎత్తిన కాలు మళ్లీ నీళ్లలో పెట్టేసింది.

"మీరు పదండి. అమ్మ పిలవగానే నేనొస్తా," అంది.

తుర్రు ముక్కుతో అక్క రెక్క పట్టి లాగాడు. చిన్నవాడు, వాడి బలమెంత? నీళ్లు తోసేస్తుంటే నూకతో కలిసి గట్టెక్కాడు.

విరిగిన రెక్కను ఈడ్చుకుంటూ తల్లి పరుగెత్తుకొచ్చింది. "లేవండి! లేవండర్రా!" అని గొంతు చించుకుని అరిచింది. వాగు హోరులో ఆ పిలుపు ఎవరికి వినిపిస్తుంది? గట్టు మీది నుంచి తుర్రు చూస్తూనే ఉన్నాడు. చుక్కి మెడ చాచి, అమ్మ వెళ్లిన వైపే చెవి పెట్టి వింటోంది. ఒక పెద్ద కెరటం వచ్చింది. ఆ తర్వాత గడ్డి కొసలే కనిపించాయి.

మర్నాడు నీళ్లు తీశాయి. బురదలో, గడ్డి దుబ్బును ఆనుకుని చుక్కి దొరికింది. పొట్ట నేలకు ఆనించి, కాళ్లు ముడుచుకుని, తల్లి నేర్పినట్టే ఉంది.

"లేవమ్మా! నేను పిలిచాను తల్లీ, నువ్వు వినలేదు," అని తల్లి దాన్ని ముక్కుతో కదుపుతూ ఏడ్చింది. చూసిన పిట్టలన్నీ ఏడ్చాయి.

ఎంతోసేపటికి తుర్రు తల్లి పక్కకు చేరాడు.

"అమ్మా, అక్క నాలాగా మాట వినని పిల్లయి ఉంటే బతికేదా?"

తల్లి వాడి ముఖంలోకి చూడలేకపోయింది. మిగిలిన ఒక్క రెక్కా చాపి ఇద్దరినీ దగ్గరికి తీసుకుంది.

"బతికేదిరా," అంది.

నీతి: మనల్ని మనం ఆపుకోవడం మంచి గుణమే. కానీ ఎందుకు ఆగుతున్నామో మరిచిపోయి ఆగితే అదే ప్రాణం తీస్తుంది. పిల్లలకు ఆగడం నేర్పే పెద్దలు, ఎప్పుడు ఆగకూడదో కూడా నేర్పాలి.