కాపురమున్న ఇంటికే రాయితీ

గుట్టకింద అడవిలో ఇంటిపన్ను డబ్బుతో కట్టరు, ఒంటితో కడతారు. బొరియ ఉన్న ప్రతి జంతువూ ఏటా వాగులో దిగి పూడిక తీయాలి. పెద్ద బొరియకు ముప్పై రోజులు, చిన్నదానికి పది. గుంటనక్క గురవయ్యకు రెండూ ఉన్నాయి: గుట్టలో తొలిచిన రాతి బొరియ, వాగొడ్డున మట్టి బొరియ. ఆస్తి ఆయనది, పూడిక మాత్రం ఆయన భార్య పేరంటాలు తీస్తుంది. పాపం, గురవయ్యకు నడుంనొప్పి. సరిగ్గా పన్ను చాటింపు రోజున మొదలై, పూడిక పూర్తయిన మర్నాడు తగ్గిపోతుంది. అంత క్రమశిక్షణ గల నొప్పి ఆ అడవిలో ఇంకెవరికీ లేదు.

ఆ ఏడు పంచాయితీకి ఉన్నట్టుండి దయ కలిగింది. కాపురమున్న ఇంటికి సగం పన్ను మాఫీ అంది. ఆ ఇల్లు ఆడవాళ్ళ పేరున ఉంటే మొత్తం మాఫీ. కుటుంబానికి ఒక్క ఇంటికే, అదీ ఉగాదిలోపు అర్జీ పెట్టుకున్నవాళ్ళకే. ఈ సంగతి వినగానే గురవయ్య నడుం సంగతి మరిచిపోయి ఇంటికి పరుగెత్తాడు.

"ఒసేయ్ పేరంటాలూ, మనం విడిపోదామే!"

పిల్లకు పేలు చూస్తున్న పేరంటాలు తల ఎత్తలేదు. "ఇప్పుడా, పీతలు తిన్నాకా?"

"వేళాకోళం కాదే. కాగితం మీద మాత్రమే. మనిద్దరికీ పడట్లేదని రాసిస్తే రెండు కుటుంబాలం అవుతాం, రెండిళ్ళకూ రాయితీ వస్తుంది. రాతి బొరియ నీ పేరున పెడితే దానికి పూడికే లేదు. మట్టిదానికి ఐదు రోజులు. నలభై రోజులు కాస్తా ఐదైపోయాయి చూశావా!"

"ఆ ఐదు రోజులు ఎవరు దిగుతారు?"

"నీకు తెలియందేముంది, నా నడుం..."

"తెలుసు," అంది పేరంటాలు. "అబద్ధం చెప్పడం నాకు చేతకాదయ్యా. ఉన్నదే చెబుతాను, సరేనా?"

"ఏదో ఒకటి చెప్పు, గట్టిగా చెప్పు," అన్నాడు గురవయ్య.

పంచాయితీలో గుమాస్తా దున్నపోతు నెమరు వేసుకుంటూ, రాతి బొరియ పేరంటాలు పేరున పెట్టి అర్జీ రాసుకుంది. పేరంటాలు చెప్పింది: "పన్నెండేళ్ళుగా ఈయన వాగులో కాలు పెట్టలేదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా నేనే దిగాను. ఒక్కనాడూ, అలిసిపోయావా అని అడగలేదు." దున్నపోతు నెమరు ఆపేసింది. గురవయ్య మాత్రం ఆనందం పట్టలేక భార్య చెవిలో, "అచ్చం నిజంలాగే ఉందే!" అన్నాడు.

"బాగా ఆలోచించుకున్నావా గురవయ్యా?" అంది దున్నపోతు. "పాదముద్ర పడ్డాక నేను చెరపలేను. ఉడుము తనిఖీకి వస్తుంది, ఎప్పుడొస్తుందో చెప్పదు. ఇది దొంగ అర్జీ అని తేలితే రెండు బొరియలూ పంచాయితీవి."

"నా అంత ఆలోచించేవాడు ఈ అడవిలో ఉన్నాడా?" అని గురవయ్య నాలుగు పాదాలూ ముద్ర వేశాడు. అడిగింది ఒక్కటే.

తనిఖీ అయ్యేదాకా అని మట్టి బొరియకు మారాడు. తొలకరికే పైకప్పు కారింది. రెండో వానకు వాగు ఇంట్లోకి వచ్చింది. తెల్లవారగానే తడిసి ముద్దయి, తోక ఈడ్చుకుంటూ రాతి బొరియకు వచ్చాడు.

"ఎవరండీ?" అంది పేరంటాలు లోపలినుంచి.

పెళ్ళయ్యాక ఆవిడ తనను 'అండీ' అనడం అదే మొదటిసారి. "నేనేనే! పక్కకు జరుగు, వణికి చస్తున్నాను."

"తనిఖీకి ఉడుముగారు వస్తేనో?"

"ఈ వానలోనా?"

"వచ్చారు. లోపల పీతల పులుసు తింటున్నారు."

ఉడుము మూతి తుడుచుకుంటూ తల బయటపెట్టింది. "ఏం గురవయ్యా, ఇటొచ్చావు?"

"దారి... దారి తప్పానండీ," అన్నాడు గురవయ్య.

"ఇంకోసారి తప్పకు, నేను మళ్ళీ ఎప్పుడైనా వస్తాను," అంది ఉడుము.

వానలు వెలిశాక దున్నపోతు దగ్గరికి పరుగెత్తాడు. "అర్జీ వెనక్కి తీసుకుంటానండీ."

"అది అబద్ధమని రాసిస్తావా? రెండు ఇళ్ళూ పోతాయి. నిజమంటావా? రాతి బొరియ ఆవిడది. ఏది రాయమంటావు?"

గురవయ్య మళ్ళీ పేరంటాలు గుమ్మం ముందు నిలబడ్డాడు. "నువ్వైనా చెప్పవే, అదంతా ఉత్తుత్తిదని."

"నేను చెప్పినదాంట్లో ఉత్తుత్తిది ఏదో ఒక్కటి చూపించండి, ఇప్పుడే వచ్చి కొట్టేయిస్తాను."

గురవయ్య చాలాసేపు ఆలోచించాడు. ఒక్కటీ దొరకలేదు.

ఆ ఏడు గురవయ్య ఐదు రోజులూ తానే వాగులో దిగాడు. రెండో రోజుకే నడుం నిజంగా నొప్పి పుట్టింది, కానీ చెప్పుకుందామంటే ఇంట్లో వినేవాళ్ళు లేరు.

నీతి: రాయితీ కోసం అబద్ధం రాసేవాడు, అది నిజమైతే తాను ఎక్కడ పడుకోవాలో ముందే చూసుకోవాలి.