మడిచిన తాడు

తరతరాలుగా ఆరని అగ్ని ఒకటి, ఒకనాటి సాయంత్రం ఆరిపోయే గండంలో పడింది. దాన్ని కాపాడాల్సినవాడేమో ఇసుకలో లెక్కలు వేస్తూ కూర్చున్నాడు. దగ్గరికి జరగండి నాయనా, వెనకవాళ్లకి కూడా వినబడాలి.

గోదావరి ఒడ్డున విశ్వపతి దీక్షితులు గారి ఆశ్రమం. వరద తీశాక చూస్తే హోమగుండం కొట్టుకుపోయింది. నాలుగు మూలల రాతిమేకులు మాత్రం పాతిన చోటనే ఉన్నాయి. గుండం అడుగున పరిచే ఇటుకల్లో సగమే దొరికాయి. అగ్ని మాత్రం క్షేమం. గురుపత్ని సోమిదమ్మ గారు మట్టికుండలో నిప్పుకణికలుగా దాన్ని కాపాడుకొచ్చారు. పొద్దుగుంకేలోగా గుండంలో చేర్చి ఆహుతి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఇంటి నియమం ప్రకారం అది ఇక దేవుడి నిప్పు కాదు, వంటనిప్పే.

"ఉన్న ఇటుకలకు తగ్గట్టు సగం వైశాల్యంతో కట్టు. చదరంగానే ఉండాలి సుమా," అని శిష్యుడు భావన్నకు చెప్పి, దీక్షితులు గారు స్నానానికి దిగారు.

భావన్న గణితంలో దిట్ట. పాత గుండం పక్క పొడవున వెదురు కోసి, దాన్ని సగానికి గుర్తు పెట్టి, ఆ కొలతతో ఇటుకలు పరిచాడు. దొరికిన ఇటుకల్లో సగం అలాగే మిగిలిపోయాయి.

సోమిదమ్మ గారు తొంగిచూశారు. "అగ్నిహోత్రుడికి ఇల్లు కట్టమంటే పిచ్చుకగూడు కట్టావేమిరా?"

భావన్న నాలుక కరుచుకున్నాడు. "పక్కను సగం చేస్తే చోటు పావువంతు అవుతుందమ్మా. ఈ వెదురును ఒకటి అనుకుంటే, మనకు కావలసిన పక్క, రెండుకు వర్గమూలం ఉందే, దానికి వ్యుత్క్రమం."

"అంటే?"

"దేన్ని దానితోనే హెచ్చిస్తే రెండు వస్తుందో అది రెండుకు వర్గమూలం. ఆ వచ్చినదాన్ని దేనితో హెచ్చిస్తే ఒకటి వస్తుందో అది వ్యుత్క్రమం."

"పేర్లు బాగున్నాయి నాయనా. ఇక్కడ కణికల మీద బూడిద పేరుకుంటోంది."

భావన్న ఇసుకలో కూర్చున్నాడు. రెండుకు మూలం తీస్తుంటే ఇంకా కాస్త మిగులుతుంది. ఆ కాస్తనూ తీస్తే మరికాస్త. ఆ తెగని సంఖ్యతో ఒకటిని భాగించాలి. పైదే తెగకపోతే కిందది ఎలా తెగుతుంది? ఇసుక నిండింది. నీడలు సాగాయి. అతని చెమట చుక్కలు పడి అంకెలు చెరుగుతున్నాయి.

తడిబట్టతో దీక్షితులు గారు వచ్చారు. "ఎందాకా వచ్చింది?"

"వస్తూనే ఉందండి. రెండుకు మూలం దొరకడం లేదు."

ఆయన తాడు తీసుకుని, ఒక కొన ఒక రాతిమేకుకు ఆనించి, ఎదురుమూల మేకు దాకా ఏటవాలుగా బిగించారు. అక్కడ వేలితో నొక్కి పట్టుకున్నారు.

ఆ తాడు పొడవే పక్కగా చదరం గీస్తే పాత చదరానికి రెండింతలు వస్తుందని భావన్న ఆశ్రమంలో చేరిన కొత్తలోనే నేర్చుకున్నాడు. తెగని మూలం ఇదిగో, రెండు మేకుల మధ్య తెగి ఉంది.

"మూలం సరేనండి," అన్నాడు మెల్లగా. "దానికి వ్యుత్క్రమం?"

దీక్షితులు గారు తాడు కొనను తెచ్చి, వేలితో పట్టిన చోటికి కలిపారు. సగానికి మడిచి శిష్యుడి చేతిలో పెట్టారు.

భావన్న ఆ మడతకేసి చూశాడు. మూలాన్ని మూలంతో హెచ్చిస్తే రెండు. మూలాన్ని సగం మూలంతో హెచ్చిస్తే రెండులో సగం. ఒకటి.

"చూస్తూ కూర్చుంటే ఇటుకలు లేచి వస్తాయిటరా?" అన్నారు సోమిదమ్మ గారు.

మడతతాడు కొలతతో భావన్న కొత్త గుండం కట్టాడు. ఇటుక మిగల్లేదు, తగ్గలేదు. సూర్యుడు ఏటి అంచున ఉన్నాడు.

కుండ వంచబోతుంటే దీక్షితులు గారు చెయ్యెత్తి ఆపారు. పాత గుండం పక్క పొడవున కోసిన ఆ వెదురును తీసుకుని, కొత్త గుండంలో ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా పడుకోబెట్టారు. అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా లేదు. పాతదానికి పక్కగా ఉన్నదే, కొత్తదానికి కర్ణమై కూర్చుంది.

వెదురు తీశారు. సోమిదమ్మ గారు కణికలు పోశారు. నెయ్యి పడగానే బూడిద కిందనుంచి మంట లేచి, ముగ్గురి ముఖాలూ వెలిగాయి.

"ఇప్పుడు చెప్పు నాయనా," అన్నారు దీక్షితులు గారు. "దాని పేరేమిటన్నావు?"

భావన్న మడత విప్పని తాడు రెండు చేతుల మధ్య పట్టుకుని, అలాగే దణ్ణం పెట్టాడు.