గడపకొక ఈటె

ఓబులయ్య ఒజ్జకు ఒక అలవాటు ఉండేదట. శిష్యులు ఏ ప్రశ్న అడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెప్పి పంపేవాడు. పని ముగించుకుని తిరిగొచ్చేసరికి, అడిగినవాడు ఆ ప్రశ్నను మళ్లీ అడగాల్సిన అవసరం ఉండేది కాదు. రాగిమిట్టలో ఆయన సాము నేర్పిన గరిడి ఇప్పుడు లేదు. గోడలు కూలి తంగేడు మొలిచింది. పసుప్పచ్చని ఆ పూల మధ్య నిలబడితే మాత్రం, కర్రల చప్పుడు ఇంకా వినిపిస్తున్నట్టే ఉంటుంది నాకు.

రాగిమిట్ట అంటే అప్పట్లో చుట్టుపక్కల సీమంతా తలెత్తి చూసే ఊరు. దొంగదండు మూడుసార్లు విరుచుకుపడితే మూడుసార్లూ వెన్ను చూపించి పంపిన ఊరు. ఆ పౌరుషానికి మెచ్చి ఏలినవారు ఒక శాసనం వేయించి ఇచ్చారు. నిలువెత్తు రాయి. దాని పైన పెద్ద పెద్ద అక్షరాలతో "రాగిమిట్టలో గడపకొక ఈటె" అని ఉంటుంది. ఎక్కడి ఊళ్లలోనైనా ఆయుధం దొరగారి మనుషులకే ఉండే కాలంలో, మా ఊళ్లో పూరి గుడిసె చూరులో కూడా ఈటె మెరిసేది. ఏటా దసరా పొద్దున ఆ రాయి దగ్గర ఊరంతా చేరేది. ఊరి పెద్ద ఒక్కొక్క గడప పేరూ పిలిచేవాడు. పిలిచినప్పుడు ఆ ఇంటివాళ్లు ఈటె పైకెత్తి "ఉంది!" అనాలి. మూడు పిలుపులకీ ఈటె లేవకపోతే ఆ ఇంటి పేరు పట్టీలోంచి పోతుంది, ఊరి చుట్టూ ఉన్న గోడ మీద ఆ ఇల్లు కాపు కాసే చోటు ఇంకొకరిదవుతుంది. రాగిమిట్టలో పుట్టినవాళ్లకి అంతకంటే తలవంపు లేదు.

ఒక ఏడాది దసరా ఇంకా నాలుగు రోజులుందనగా చెన్నరాయుడు ప్రశ్న అడిగాడు. గరిడిలో వాడంతటివాడు లేడు. ఈటె విసిరితే గాలికి ఊగే ఎండు సొరకాయ తొడిమ తెగి పడాల్సిందే. తండ్రి గోడ మీదే ప్రాణం విడిచాడు, ఇంట్లో తల్లి నరసక్కా వాడూ ఇద్దరే.

"ఒజ్జా, ఈటె పట్టే హక్కు ఎవరిది? గోడ మీద కాపు కాసే మా దండుదా, ఊరికే ఇంట్లో పెట్టుకునేవాళ్లదా? సుంకమ్మత్త మొగుడు గంగన్న పోయి రెండేళ్లయింది. ఆ ఇంట మగదిక్కు లేదు. ఈటె చూరులో ఉత్తినే ఉంది. ఇక్కడ చూస్తే ఇద్దరు అన్నదమ్ములకి ఒకటే ఈటె. రాజుగారు ఇచ్చింది కాపలాకి గదా?"

"నీకేమనిపిస్తోంది?" అన్నాడు ఒజ్జ.

"మా దండుదే అనిపిస్తోంది."

"అట్లయితే పోయి తీసుకురా."

చెన్నరాయుడి ముఖం వెలిగిపోయింది. తలపాగా సర్దుకున్నాడు. తండ్రి ఈటెను నూనె గుడ్డతో తుడిచి, మొన ఎండకు తళతళలాడుతుండగా వీధి మధ్యన నడిచిపోయాడు. ఆ నడక చూసి తీరాలి. పెళ్లికొడుకు కూడా అంత ఠీవిగా నడవడు.

సుంకమ్మ నడవాలో కూచుని కొర్రలు చెరుగుతోంది. గుమ్మం పొట్టిది. రాగిమిట్టలో గుమ్మాలన్నీ పొట్టివే. చెన్నరాయుడు ఈటెను అడ్డంగా వంచి, తానూ వంగి, లోపలికి వచ్చి నిలబడ్డాడు. వచ్చిన పని చెప్పాడు. ఆమె చేట ఆపలేదు.

"రా అల్లుడా, కూచో. నీకు పీట వేస్తా సరే, నీ వెంట వచ్చిన ఈ చుట్టానికి కూడా వేయమంటావా?"

చెన్నరాయుడు తన చేతిలోకి చూసుకున్నాడు. చూసుకుని రాయిలా నిలిచిపోయాడు. ఎందుకంటే రాగిమిట్టలో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలిసిన కట్టడి ఒకటుంది. ఈటె తన గడపలో ఉండొచ్చు, గోడ మీద ఉండొచ్చు, పొలం గట్టున ఉండొచ్చు. పరాయి ఇంటికి పోయినప్పుడు మాత్రం దాన్ని బయట గోడకు ఆనించి వట్టి చేతులతో లోపలికి పోవాలి. గడప దాటి లోపలికి వచ్చిన ఈటె ఇక ఆ ఇంటిదే. ఎంతకాలం నుంచి ఎవరూ తప్పలేదంటే, తప్పవచ్చన్న సంగతే ఊరు మరిచిపోయింది.

"మరిచిపోయినానత్తా" అన్నాడు నెమ్మదిగా.

"కట్టడి మరిచిపోలేదు నాయనా. ఇది నీ అత్త ఇల్లని మరిచిపోయినావు. దండు స్థలం అనుకున్నావు. రెండేళ్లుగా నా చూరులోని ఈటెకి ఆముదం రాసింది ఎవరనుకున్నావు, పిల్లులా?"

వాడు కావాలంటే వెనుదిరిగి పోగలడు. ఆపే బలం ఆమెకు లేదు. చూసినవాళ్లూ లేరు. అయినా చెన్నరాయుడు తండ్రి ఈటెను తెచ్చి గంగన్న ఈటె పక్కన చూరులో పెట్టి, బయటికి నడిచాడు. వాడి మీద నాకు గౌరవం కలిగించేది ఆ విసుర్లూ గురీ కావు. వట్టి చేతులతో వీధి మధ్యన తిరిగొచ్చిన ఆ నడకే.

గరిడిలో తోటివాళ్లు పకపకా నవ్వారు. "ఒకటి తెమ్మంటే ఒకటి పెట్టొచ్చినాడప్పా!" అన్నాడొకడు. ఒజ్జ నవ్వలేదు, తిట్టలేదు. "కర్ర తీసుకో, పాఠం అయిపోలేదు" అన్నాడంతే.

ఇంట్లో నరసక్క విన్నది. "ఏడు తరాలుగా మన గడప పేరు పిలుస్తున్నారురా" అని మాత్రం అన్నది. చెన్నరాయుడు ఆ నాలుగు రోజులూ సరిగా అన్నం తినలేదు. ఇంకో ఇంటి పేరు తీసేయించాలని పోయినవాడు, తన ఇంటి పేరు ఎట్లా పోతుందో చూడాల్సి వచ్చింది.

దసరా పొద్దున తప్పెట్లు మోగాయి. గడపలన్నీ రాయి చుట్టూ చేరాయి. ఎండ ఇంకా లేతగా ఉంది. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క మొన లేస్తుంటే, తెల్లని కొంగల బారు ఒక్కొక్కటిగా ఎగురుతున్నట్టుంది.

"గంగన్న గడప!"

కుర్రవాళ్లలో గుసగుసలు రేగాయి. సుంకమ్మ కొంగు నడుముకు దోపి ఈటె ఎత్తింది. "ఉంది!" అన్నది. గుసగుసలు ఆగిపోయాయి.

"చెన్నరాయుడి గడప!"

ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచారు. చెన్నరాయుడు తల ఎత్తలేదు. అప్పుడు సుంకమ్మ చంకలోని రెండో ఈటెతో జనం మధ్యలోంచి వచ్చింది. వాడు చేయి చాచాడు. ఆమె ఆ చేతిని దాటుకుంటూ పోయి నరసక్క ముందు ఆగింది.

"పట్టుకో వదినా."

"అది నీ ఇంటిది గదా సుంకమ్మా" అన్నాడు ఊరి పెద్ద.

"నా ఇంటిది కాబట్టే ఇస్తున్నా. తప్పు పిల్లోడిది. గడపేం చేసింది? వాడి చేతికి మాత్రం మళ్లీ దసరాకే."

"ఆడవాళ్లు ఎత్తడమా..." అని వెనక ఎవరో నసిగారు. సుంకమ్మ తిరిగి చూసింది. "ఇప్పుడే ఎత్తినా గదప్పా. ఆకాశం ఏమన్నా విరిగి పడిందా?"

ఊరి పెద్ద గొంతు సవరించుకుని మూడోసారి పిలిచాడు. నరసక్క రెండు చేతులా పట్టుకుంది. ఈటె నిటారుగా లేచింది. "ఉంది!" అన్న ఆ కేక కొండకు తగిలి మళ్లీ వినిపించింది. తప్పెట్లవాళ్లు ఎవరూ చెప్పకుండానే దరువు అందుకున్నారు. ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. మా ముత్తవ్వ ఆ గుంపులో ఉందట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

అందరూ వెళ్లిపోయాక రాయి దగ్గర ఒజ్జా, చెన్నరాయుడూ మిగిలారు.

"చదువు" అన్నాడు ఒజ్జ.

చెన్నరాయుడు తలెత్తి చదివాడు. "రాగిమిట్టలో గడపకొక ఈటె."

"తర్వాత?"

నిలబడి చూస్తే తర్వాత ఏమీ కనబడలేదు. రాయి అడుగున గడ్డి, ఏళ్ల తరబడి పేరుకున్న పసుపూ మట్టీ ఉన్నాయి. చెన్నరాయుడు మోకాళ్ల మీద కూచుని, పట్టుకోవడానికి ఏమీ లేని ఆ చేతులతో గడ్డి పీకి, మట్టి తీసి, తలపాగా కొసతో తుడిచాడు. ఒక్కొక్క అక్షరమే బయటపడింది. "ఏ ఈటె అయినా పరాయి గడప బయటే."

ఒజ్జ రాయి మీద చేయి వేసి, కొండ వైపు చూస్తూ అన్నాడు:

"పైన చోటు చాలక కాదు నాయనా, దీన్ని ఇంత కిందికి చెక్కింది."